ఉలి పెట్టే ముందు తడిపి చూసే మనిషి

మా పెదనాయన పోయాడు. ఆళ్లగడ్డలో తన రేకుల షెడ్డులోనే, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి కడుపారా తిని, చేయి కడుక్కుని, చెక్కుతున్న రాతికే వీపు ఆనించి కాస్త కునుకు తీస్తానన్నాడట. ఆ కునుకులోనే వెళ్లిపోయాడు. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో, మా స్కానింగ్ సెంటర్‌లో, ఒకాయనను మిషన్ మీద పడుకోబెట్టి కదలొద్దని చెబుతున్నాను. ఆయన స్కాన్ ముగించి తిరిగి ఫోన్ చేస్తే, పెద్దమ్మ ఏడుస్తూనే, "మీ పెదనాయన లేడు పాపా. ఇంగో ముద్ద గూడ అడిగి పెట్టిచ్చుకున్నాడు. ఆకలితో పోలేదులే" అంది. మా ఇంట్లో ఎంత పెద్ద కబురైనా తిన్నారా లేదా అన్న దగ్గరే మొదలవుతుంది.

ఆయన మా నాయనకు స్వయానా అన్న. రాతి విగ్రహాలు చెక్కే పని. ఆళ్లగడ్డలో ఏ వీధిలో నిలబడ్డా ఉలి చప్పుడే కాబట్టి అందులో ఆయన ఒక్కడి గొప్పేమీ లేదు. ఆ మాట ఆయన ముందు అనగలిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. వినయం అనేది ఆ ఇంటి వైపు ఎప్పుడూ వచ్చినట్టు లేదు. పక్క షెడ్డువాళ్ల పనిని కూడా మెచ్చుకునేవాడు, అదీ వాళ్లు వినరని తెలిసినప్పుడు. ఎదురుపడితే మాత్రం, "ఏందప్పా, అమ్మవారికి జలుబు చేసిందా ఏంది, ముక్కు అంత లావుండాది?" అని అడిగేవాడు. వాళ్లు తిట్టేవాళ్లు. సాయంత్రం అందరూ కలిసి ఆయన షెడ్డులోనే టీ తాగేవాళ్లు.

అవుకు దగ్గర ఒక ఊరి చర్చికి రాతి సిలువ చేసిచ్చాడు ఒకసారి. తన చేతుల మీదుగా వెళ్లినవాటిలో అదే అన్నిటికన్నా కష్టమైన పని అన్నాడు. నిలువూ అడ్డమూ రెండు గీతలకు అంత కష్టమేముందని అడిగాను.

"అమ్మవారి ముక్కు కాడ కొంచెం తప్పు పోయిందనుకో, ముక్కుపుడక పెట్టి కప్పేస్తా. సిలువకు నగలు యాడివి పాపా? తప్పు చేస్తే అట్లనే నిలబడి ఊరందరికీ చూపిస్తాది."

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం చెక్కడం కాదు, కూర్చోవడం. కొత్త రాయి వచ్చిన రోజు ఆ షెడ్డులో ఎవరూ ఉలి ముట్టకూడదు. ముందు సుత్తితో అక్కడక్కడా తట్టి మోత వినేవాడు. తర్వాత బిందెలతో నీళ్లు తెచ్చి రాయి మొత్తం తడిపేవాడు. ఇక దాని ముందు కూర్చోవడమే. ఎండకు రాయి మెల్లగా ఆరుతూ వస్తుంది. ఎక్కడైనా పగులు ఉంటే నీళ్లు అందులోకి దిగి దాక్కుంటాయి. చుట్టూ అంతా ఆరిపోయాక ఆ పగులు ఉన్నచోట సన్నని గీతలా తడి మిగులుతుంది. ఆ గీత ఎక్కడ పోతుందో చూసుకుని, దాని మీదికి దేవుడి ముఖం రాకుండా, చేతులు రాకుండా బొమ్మను రాతిలో సర్దుకోవాలి. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని నేను విసుక్కునేదాన్ని, ఇంకా ఎంతసేపని. "రాయికి లేని తొందర నీకెందుకే?" అనేవాడు. మనుషుల దగ్గర ఆయనకు అందులో వీసమెత్తు ఓపిక కూడా ఉండేది కాదన్నది వేరే సంగతి.

ఆయన నడినెత్తికి కొంచెం కుడిపక్కన, జుట్టు కింద, ఎముకంత గట్టిగా ఒక బొడిపె ఉండేది. నొప్పి లేదు, ఏమీ లేదు. "రాళ్లతో సావాసం చేసేటోనికి తలలో రాయి మొలవక ఏం మొలుస్తాది?" అని తనే తట్టి చూపించేవాడు. ఆ బొడిపె ఊరికే ఉండలేదని కొన్నేళ్ల కిందట తెలిసింది.

శిల్పి కుడిచేత్తో సుత్తి కొడతాడు. ఉలిని నిలబెట్టేది ఎడమచెయ్యి. "సుత్తి యెవడైనా కొడతాడు, ఉలిని నిలబెట్టేదే పని" అనేవాడు పెదనాయన. ఆ ఎడమచేతి పట్టే సడలింది. మహానంది దగ్గరి ఒక పల్లె గుడికి నందిని చెక్కుతూ, ఇక మెరుగు పెట్టడమే మిగిలిందనగా, ఉలి పక్కకు జారి నంది చెవి విరిగిపడింది. చెవితో పోకుండా తలలోకి ఒక పగులు కూడా పోయింది. విరిగిన విగ్రహం గుడికి పనికిరాదు. ఆయన దాని మీద గోనెపట్ట కప్పేసి ఇంటికొచ్చి, పిల్లి దూకి పడేసిందని చెప్పాడు.

పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "అంత నందిని పడేసిన పిల్లిని నేను చూడల్ల పాపా. నువ్వు బేగా రా" అంది.

కర్నూలు తీసుకెళ్లాం. అక్కడ సర్జన్ తలకు ఒక మామూలు స్కాన్ తీయించి, బొడిపె కింద, ఎముకకూ మెదడుకూ నడుమ ఉండే పొరలో గడ్డ పెరిగిందని చెప్పాడు. అది చెడ్డ రకంగా కనబడటం లేదట. కానీ ఎడమచేతిని నడిపించే చోటును ఒత్తుతోంది, తీయకపోతే ఆ చెయ్యి పూర్తిగా పడిపోవచ్చు. పెదనాయన అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"తెరిస్తే లోపల ఏముంటాదో నీకు తెల్సునా సారూ?"

సర్జన్ నిజాయితీ గల మనిషి. నడినెత్తి కింద పెద్ద సిర ఒకటి పోతుంది, గడ్డ దాన్ని ఎంతవరకు పట్టుకుందో ఇంకా తెలియదు, చూడాలి అన్నాడు. ఎలా చూడాలో ఆయన చెప్పబోతుండగానే పెదనాయన చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "తెరిచి చూస్తారంట! తెరిచి చూసేదేంది? చూసి తెరవల్ల. రాయికే మనం అట్ల చేయం, ఇది తలకాయ" అని ఆళ్లగడ్డ దాకా అదే మాట. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఉలి పట్టలేని పెదనాయనను ఊహించుకోవడం మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు. ఆయన వల్ల అసలే కాలేదు, అందుకే అంత కోపం.

ఇంటికెళ్లాక నేను ఆయన పక్కన కూర్చుని, "చూసి తెరవడానికే కదా పెదనాయనా నేను చేసే పని?" అన్నాను.

"నీది ఫొటోలు తీసే పని కదా?"

"తలలో ఎముక, నెత్తురు పోయే నాళాలు, గడ్డ, అన్నీ కత్తి ముట్టకుండా చూపిస్తాం. నీ రాయిని తడిపి చూసినట్టే."

"అట్లయితే వస్తా. గీత యాడ పోతాందో నా కండ్లకు కనపడల్ల. కనపడకుంటే తల ఇయ్యను" అన్నాడు.

అలా పెదనాయన నంద్యాల వచ్చాడు. మొదట మా డాక్టరమ్మ ఎమ్మారై చేద్దామంది. అది పెద్ద అయస్కాంతం. కంట్లోనో ఒంట్లోనో ఇనుప ముక్కలుంటే కదిలి ప్రమాదం, అందుకే ముందే అడుగుతాం. ఎప్పుడైనా కంట్లో ఇనుము పడిందా అంటే, లేదని ఖరాఖండిగా చెప్పాడు.

"మొన్న ఉలి రవ్వ పడితే నేను కొంగుతో తీయలేదా?" అంది పెద్దమ్మ.

"అది రవ్వమ్మే. ఆయమ్మ అడుగుతాండేది ఇనుము."

ఉలి కొసలు విరిగి ఎగిరే రవ్వలు శిల్పుల లెక్కలో దుమ్ము కిందికే వస్తాయి. ఇనుమంటే ఆయనకు కనీసం గడ్డపార అయినా ఉండాలి. ఎక్స్‌రే తీస్తే కుడికంటి పక్కన తెల్లటి చుక్క ఒకటి మెరిసింది. ఎమ్మారై వద్దనుకున్నాం. పెదనాయన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, "చూడు, నాకు దిష్టిచుక్క గూడ పెట్టినాడు దేవుడు" అని పెద్దమ్మకు చూపించాడు.

చివరికి మందు ఎక్కించి సీటీ స్కాన్ చేయాలని నిర్ణయమైంది. ఒకప్పుడైతే ఇలాంటివాటికి తొడ దగ్గర నుంచి సన్నని గొట్టాన్ని మెడ దాకా పంపి, అక్కడ మందు వదిలి నాళాలను చూసేవాళ్లు. ఇప్పటికీ కొందరికి అది తప్పదు. పెదనాయనకు చేతి నరంలో ఒక సూది చాలంది డాక్టరమ్మ. మందు నెత్తురుతో కలిసి తలలోకి చేరే సమయం చూసుకుని, మిషన్ తల చుట్టూ తిరిగి ఎముకనూ నాళాలనూ ఒక్కసారే పట్టేస్తుంది. మందు నిండిన నాళాలు తెల్లగా బయటపడతాయి. ఇదంతా ఆమె ఓపికగా చెప్పింది.

"అంటే నీళ్లు పోసి చూసేదే కదమ్మా. దానికి ఇంతసేపు ఎందుకు చెప్పినావు?" అన్నాడు.

కిడ్నీలు బాగున్నాయో లేదో రక్తం పరీక్ష చేసి, బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ వేశాను. మందు వెళ్లేటప్పుడు ఒళ్లంతా వేడి పాకుతుంది, పాస్ పోసుకున్నట్టు అనిపిస్తుంది, అనిపించడమే, భయపడొద్దు, కదలొద్దు అని చెప్పాను.

"ఇన్నేండ్లు దేవుళ్లకు చెప్పినా కదలొద్దని. ఒక్కరు గూడ కదల్లేదు. నేను కదుల్తానా?"

నిజంగానే కదల్లేదు. అద్దం ఇవతల నుంచి చూస్తుంటే ఆయన చెక్కిన బొమ్మల్లో ఒకటి పడుకున్నట్టే ఉంది. మిషన్ ఆగింది. ఆగిన మరుక్షణం మైకులో కేక. "పాపా! లుంగీ తడిసిపోయింది పాపా!" తడవలేదు. ఆ కేక బయట కూర్చున్న వాళ్లందరికీ వినబడింది. గోస్పాడు నుంచి వచ్చిన ఒక ముసలావిడ తన వంతు రేపు పెట్టుకుంటానని లేచి వెళ్లబోయింది. పెద్దమ్మ ఆమె చేయి పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

తర్వాత డాక్టరమ్మ ఆయనను స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది. ముందు ఎముక ఒక్కటే చూపించింది. తన పుర్రె తన ముందే మెల్లగా తిరుగుతుంటే పెదనాయన మెడ కూడా దానితో పాటు వంగింది. "దవడ బాగుండాది. నెత్తి మాత్రం యెవడో తొందరలో చెక్కినాడు" అన్నాడు బొడిపెను చూసి. ఆమె మీట నొక్కి ఎముకను తీసేసింది. నాళాలు మాత్రం మిగిలాయి. చెనక్కాయ చెట్టును మట్టిలోంచి మెల్లగా పీకి దులిపితే వేళ్లన్నీ ఎలా కనబడతాయో అలా ఉన్నాయి. నేను రోజూ చూసేదే. కానీ అవి మా పెదనాయనవి.

పెదనాయన కుర్చీని స్క్రీన్ దగ్గరికి లాక్కున్నాడు.

డాక్టరమ్మ నడినెత్తి వెంట పోతున్న పెద్ద సిరను చూపించింది. గడ్డ ఒక పక్కన దాని గోడకు ఆనుకుని ఉంది. సిర అక్కడ కొంచెం నలిగింది కానీ మూసుకుపోలేదు, నెత్తురు పోతూనే ఉంది. "ఇది పనిచేస్తున్న సిర. దీనికి దెబ్బ తగలకూడదు" అంది.

"గీత ఇదేనా?"

"ఇదే."

ఆయన ఎడమచేతి వేలు చాచి స్క్రీన్ మీద ఆ సిర వెంట మొదటి నుంచి చివరి దాకా మెల్లగా గీశాడు. గోళ్ల సందుల్లో రాతిపొడి ఉంది. నాకు ఏడుపొచ్చి, పేపర్లు తెచ్చే నెపంతో పక్కగదిలోకి వెళ్లాను.

ఆ ఫొటోలు చూసి కర్నూలు సర్జన్, బొడిపె ఎముకనూ దాని కింది గడ్డనూ తీస్తాననీ, సిర గోడకు అంటుకున్న కొంచెం మాత్రం వదిలేస్తాననీ చెప్పాడు. పెద్దమ్మకు అది నచ్చలేదు. "అంతా ఒకేసారి తీసేస్తే పోతాది గదా సారూ?" అంది. ఇంకా తీస్తే సిర పోతుందమ్మా అన్నాడాయన. పెదనాయన ముఖం విచ్చుకుంది. "ఊరుకోమ్మే. యాడ ఆపల్లనో తెలిసినోడే పనోడు. నా తల ఈయప్పకిస్తా" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఆయన మా పెదనాయన ఎందుకవుతాడు? ఆపరేషన్‌కు వెళ్లే ముందు గుండు గీయించుకున్నాడు. స్కాన్ ఫిల్మును గోడకు ఆనించి, అద్దం ముందు కూర్చుని, దారమూ కావిరంగూ తీసుకుని, రాతి మీద గుర్తులు పెట్టుకున్నట్టే తన గుండు మీద సిరనూ, దానిలో కలిసే చిన్న నాళాలనూ గీసుకున్నాడు. డాక్టరు మరిచిపోకుండా ఉండడానికట. ఫిల్ములో ఎడమపక్కన కనబడేది నీ కుడివైపు అని నేను అంతకు ముందే చెప్పి ఉన్నాను. "నాకు చెప్తాండావా? దేవునికి ఎదురుగా కూచోని చెక్కేటోణ్ని. దేవుని కుడిచెయ్యి నా ఎడమపక్కనే ఉంటాది" అని కసిరాడు. కానీ అద్దంలో మన కుడి కుడివైపే కనబడుతుంది కదా. ఫిల్ములో ఎడమపక్కన ఉన్నదాన్ని అద్దంలో ఎడమపక్కన గీసుకుంటూ పోయాడు.

కర్నూలులో వార్డులో తలకు చుట్టిన తువ్వాలు తీశాడు. బొడిపె కుడిపక్కన ఉంది. దాని చుట్టూ ఉండాల్సిన నాళాలన్నీ ఎడమపక్కన, కావిరంగులో, ఎంతో అందంగా ఉన్నాయి. సర్జన్ ఆ గుండు చుట్టూ తిరిగి తీరిగ్గా చూశాడు.

"పెద్దాయనా, గీత చాలా బాగుంది. ఈ తల ఎవరిది?"

విషయం అర్థం కావడానికి పెదనాయనకు కొంతసేపు పట్టింది. నెత్తి తడుముకున్నాడు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. మంచం ఊగేలా నవ్వాడు. "ఇంతమంది దేవుళ్లకు కుడిఎడమలు తప్పు పోలేదు సారూ. నా ఒక్కని తలకే తప్పినా!" రోజుల తరబడి ముఖం ముడుచుకున్న పెద్దమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మర్నాడు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే కూడా నర్సుకు అదే చెప్పి నవ్విస్తూ వెళ్లాడు. తలుపు మూసుకున్నాక నవ్వడం మా వల్ల కాలేదు. తలుపు తెరుచుకుని సర్జన్ బయటికొచ్చి, అనుకున్నట్టే అయింది అన్నాక, పెద్దమ్మ ఆయనకు రెండు చేతులూ జోడించి, "తిన్నావా నాయనా?" అని అడిగింది.

చెయ్యి మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. పట్టు కోసం పిసకమని రబ్బరు బంతి ఇస్తే దాన్ని వీధి పిల్లలకిచ్చేసి, తను ఉలి పట్టుకుని కూర్చునేవాడు. తీసేసిన ఎముక చోట లోహపు పలక అమర్చారు. దాన్ని అందరి చేతా తట్టించేవాడు. "ఈడ మోత వేరే, విను" అనేవాడు. పలక అమర్చినవాళ్ల పనితనం మీద ఆయనకు కొన్ని అభ్యంతరాలుండేవి. మళ్లీ పరీక్షకు నంద్యాల వచ్చినప్పుడల్లా సిరకు అంటుకుందని వదిలేసిన ఆ కొంచెం గడ్డ గురించే అడిగేవాడు. "మనోడు అట్లనే ఉండాడా?" అని. పెరగలేదు, అట్లనే ఉన్నాడు పెదనాయనా అంటే, "నేనూ అట్లనే ఉండా" అని బస్సెక్కేవాడు.

ఉలి చేతిలో నిలిచాక ఆయన మొదట ముట్టింది గోనెపట్ట కింది నందినే. దాన్ని తడిపి, ఆరేదాకా కూర్చుని, పగులు ఎంత లోపలికి పోయిందో చూసుకున్నాడు. పైపైన అంతా చెక్కేసి, అదే రాతిలో చిన్న నందిని తీశాడు. కొత్త చెవులు పెట్టాడు. దాన్ని ఆటోలో తెచ్చి మా సెంటర్‌లో, మిషన్ గది తలుపుకు ఎదురుగా, గుండ్రటి మిషన్‌ను చూస్తున్నట్టుగా పెట్టించాడు. నీళ్లు తెప్పించి తడిపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నంది అంతా ఆరింది. ఎడమచెవి వెనక వెంట్రుకంత గీత మిగిలింది.

"చూసుకో. పగులు కొంచెం ఉండాది. ఇంగా తీస్తే కన్ను పోతాది. వదిలేసినా" అన్నాడు. "గుడికి పనికి రాదు. మీ మిషన్‌కు పనికొస్తాది."

పనికొచ్చింది. లోపలికి వెళ్లే ముందు భయపడేవాళ్లు దాని చెవిలో ఏదో చెప్పుకుని వెళతారు. చర్చికి వెళ్లేవాళ్లు కూడా దాని వీపు తడిమి వెళతారు.

ఆయన పోయిన రోజు నేను ఆళ్లగడ్డ చేరేసరికి షెడ్డు నిండా జనం. ఆయన వెక్కిరించిన శిల్పులందరూ వచ్చారు. జలుబు చేసిన అమ్మవారిని చెక్కినాయన అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. కుడిఎడమల గుండు కథ ఎవరో మొదలుపెట్టారు. ఏడుస్తున్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "ఆ పిల్లి యాడ పోయిందో పాపా, ఇంతవరకు చెప్పనే లేదు మీ పెదనాయన" అంది. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం తల పెట్టుకుని ఏడ్చాం, నవ్వాం, ఏది ఎంతో తెలియదు. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని చూశాను. ఉలి పట్టి పట్టి కాయలు కాసి, గట్టిగా ఉంది. ఆ చెయ్యి చివరిదాకా ఆయనకు మిగిలింది. అందుకు నేను ఎవరెవరికి రుణపడి ఉన్నానో అందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

పన్నెండో రోజు పనులయ్యాక మళ్లీ డ్యూటీకి వచ్చాను. నేను లేని రోజుల్లో నంది మీద దుమ్ము పేరుకుంది. బకెట్టుతో నీళ్లు తెచ్చి కడిగాను. బయట పేషెంట్లు ఎదురు చూస్తున్నారు, లోపల డాక్టరమ్మ రెండుసార్లు పిలిచింది. వస్తున్నానన్నాను కానీ లేవలేదు. వీపు ఆరింది, మూపురం ఆరింది, ముఖం ఆరింది. ఎడమచెవి వెనక ఆ గీత ఒక్కటే తడిగా నిలిచి ఉంది. అది కూడా ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.